నీడ నలుపు కాదండీ!

ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి, మీ ఇంటి గోడ మీదో వాకిట్లోనో పడ్డ నీడను చూడండి. అది ఏ రంగులో ఉంది?

"ఇదేం ప్రశ్న? నీడ నల్లగానే కదా ఉంటుంది!" అంటున్నారా? నేనూ యాభై ఏళ్ళు దాటేదాకా అలాగే అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి నాకు ఒక రంగుల డబ్బా, ఒక శిల్పి, ఒక నీలిమందు పొట్లం కావలసి వచ్చాయి. ఆ సంగతి తెలిశాక మా ఇంట్లో రెండేళ్ళుగా నలుగుతున్న ఒక తగువు కూడా తీరిపోయింది. బొమ్మలు వేయడానికీ అత్తాకోడళ్ళ తగువుకీ సంబంధం ఏమిటంటారా? అదే చెప్పబోతున్నాను.

మాది ఆళ్లగడ్డ. ఇప్పుడు నంద్యాల జిల్లా. 2022 ఏప్రిల్ వరకూ కర్నూలు జిల్లాలో ఉండేది. మీలో అహోబిలం వెళ్ళినవాళ్ళు చాలామంది మా ఊరి మీదుగానే వెళ్ళి ఉంటారు. బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన వరసగా రాతి విగ్రహాలు... ఆంజనేయస్వామి, అమ్మవారు, నంది, ఇంకా సగం చెక్కిన దేవుళ్ళు. "ఓహో, శిల్పుల ఊరు" అనుకుని ఉంటారు. ఆ ఊరే మాది. నా పుట్టిల్లు ప్రొద్దుటూరు. పెళ్ళయి ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది.

చిన్నప్పుడు నాకు బొమ్మలంటే మహా పిచ్చి. 'యువ', 'చందమామ' పత్రికల్లో వచ్చే వడ్డాది పాపయ్యగారి బొమ్మలు కత్తిరించి ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకునేదాన్ని. పెళ్ళయ్యాక ఆ పెట్టెలోకి శీతాకాలం దుప్పట్లు వచ్చాయి. బొమ్మల మాటే మరిచిపోయాను. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోయిన ఏడాది ఆమె గది సర్దుతుంటే బడిలో వాడి వదిలేసిన పన్నెండు రంగుల డబ్బా దొరికింది. రంగులు ఎండి బిళ్ళలైపోయాయి. నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ కరిగాయి. నాకెందుకో ప్రాణం లేచి వచ్చినట్టయింది!

మొదటి బొమ్మ, మొదటి మరక

ఏం వేయాలి? అందరూ వేసేది గుడిసె, కొబ్బరిచెట్టు, ఎడ్లబండి, కొండల మధ్య సూర్యుడు. మా ఊళ్ళో ఆ కొబ్బరిచెట్టు లేదు, గుడిసెలూ లేవు. నాకు మా వీధే వేయాలనిపించింది. ఒక పక్క పాతకాలపు మట్టి మిద్దెలు, నాపరాతి అరుగులు. ఇంకో పక్క మూడంతస్తుల స్లాబు ఇళ్ళు, వాటి మీద నీళ్ళ ట్యాంకులు. మధ్యలో కరెంటు తీగలు, తోపుడుబండి, గోడ మీద చిరిగిన పోస్టరు. ఇదేం అందం అని మీరు అనుకోవచ్చు. కానీ ప్రపంచంలో ఇలా ఎవరి వీధిని వాళ్ళు కూర్చుని గీసుకునేవాళ్ళు వేలమంది ఉన్నారట. 2007లో అమెరికాలోని సియాటిల్‌లో గాబ్రియల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు మొదలుపెట్టిన 'అర్బన్ స్కెచర్స్' బృందం దేశదేశాలకూ పాకింది. ఫోటో చూసి కాదు, కళ్ళెదుట ఉన్నదాన్నే గీయాలన్నది వాళ్ళ నియమం.

అంత పెద్ద మాటలు అప్పటికి నాకు తెలియవు. ఒకరోజు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, మా మిద్దె మీద పీట వేసుకుని కూర్చుని వీధిని వేశాను. ఇళ్ళకు రంగులు వేశాక, నీడ ఉన్నచోటల్లా నల్లరంగు పూశాను. చూస్తే ఏముంది! వీధిలో ఎవరో తారు ఒలకబోసినట్టు ఉంది. మావారు చూసి, "మన వీధికి ఎప్పుడు రోడ్డు వేశారు?" అన్నారు. ఆ కాగితం చింపి పొయ్యిలో పెట్టేశాను.

శిల్పి చెప్పిన మాట

మా ఇంటి నుంచి కూరగాయల మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఒక శిల్పశాల ఉంది. పెద్దాయన ఒకరు ఉలి, సుత్తి పట్టుకుని పొద్దున్నే పని మొదలుపెడతారు. ఒళ్ళంతా రాతిదుమ్ముతో తెల్లగా ఉంటుంది. ఒకరోజు నల్లరాతి అమ్మవారి మొహం దగ్గర చెక్కుతూ, కాసేపు ఆగి, అటూ ఇటూ వంగి చూస్తున్నారు. నేనూ నిలబడ్డాను.

"ఏం చూస్తున్నావన్నా?" అని అడిగాను.

"ఎండ కోసం చూస్తాండా తల్లీ. నడినెత్తి ఎండలో అమ్మవారి మొహం కనపడదు. చెంప యాడుందో, పెదవి యాడుందో తెలీదు. పొద్దు వాలినప్పుడు చూడాల. అప్పుడు గీత పడింటే గీత కనపడతాది, గుంట పడింటే గుంట కనపడతాది. మేము చెక్కేది రాయి, కానీ మొహాన్ని చూపిచ్చేది నీడే."

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే నా తప్పు తెలిసింది. నేను బొమ్మ వేసింది మిట్టమధ్యాహ్నం! పని అయిపోయింది కదా అని ఆ వేళ ఎంచుకున్నాను గానీ, ఆ ఎండలో వీధికి మొహమే లేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. మా ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 15 డిగ్రీల దగ్గర ఉంది. అందుకని ఏడాదిలో రెండుసార్లు, మే నెల మొదట్లో ఒకసారి, ఆగస్టు 11 ప్రాంతంలో ఇంకోసారి, మధ్యాహ్నం పన్నెండుంపావు వేళకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలబెట్టిన రోకలికి నీడే ఉండదు! ఆ రెండు తేదీల మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరం వైపే. డిసెంబరు చివరలో అయితే మధ్యాహ్నం కూడా ఐదడుగుల మనిషికి నాలుగడుగుల నీడ ఉంటుంది. అందుకే మా ఊళ్ళో బొమ్మలకు మంచి కాలం కార్తీకం నుంచి శివరాత్రి దాకా. ఎండాకాలమైతే పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం నాలుగున్నర తర్వాత.

ఆ తర్వాత నేను వేళ మార్చుకున్నాను. సాయంత్రం కాఫీలయ్యాక మిద్దె ఎక్కడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు తూర్పున నల్లమల కొండల మీద ఎండ పడి ఇటుక రంగులో మెరుస్తాయి. అవే కొండలు పొద్దున చూస్తే, సూర్యుడు వాటి వెనక ఉంటాడు కదా, పలచటి నీలి గుడ్డ ఆరేసినట్టు ఉంటాయి. కొండ అదే, రాయి అదే. వెలుగు ఎటునుంచి పడుతుందన్నదే తేడా.

నీలిమందు పాఠం

వేళ కుదిరింది గానీ రంగు కుదరలేదు. నలుపులో నీళ్ళు ఎక్కువ కలిపి చూశాను. మసిగుడ్డ తుడిచినట్టు వచ్చింది. అప్పుడు ఒక సంక్రాంతి ముందు ఇంటికి సున్నం కొట్టిస్తున్నాం. మా వైపు సున్నంలో కాస్త నీలిమందు కలపడం పాత అలవాటు. సున్నం కొట్టిన గోడ సాయంత్రపు ఎండలో వెన్నలా ఉంది. దాని మీద ఎదురింటి నీడ పడింది. చూస్తే నీలం! బాగా నీలం! సున్నంలో నీలిమందు ఎక్కువైందేమో అనుకున్నాను. కానీ ఎండ పడ్డ చోట అదే గోడ పసుపుపచ్చ కలిసిన తెలుపు. నీడ పడ్డ చోట మాత్రం నీలం.

చెయ్యి అడ్డం పెట్టి చూశాను. నా చేతి నీడా నీలమే. తెల్లకాగితం తెచ్చి ఎండలో పెట్టి, దాని మీద పెన్సిలు నిలబెట్టాను. ఆ నీడా నీలమే! యాభై ఏళ్ళుగా ఇది నా కళ్ళకు ఎలా కనపడలేదు?

కారణం చాలా తేలిక. నీడలో ఎండ ఉండదు గానీ, వెలుగు ఉంటుంది. లేకపోతే నీడలో కూర్చుని బియ్యం ఏరలేం కదా! ఆ వెలుగు నేరుగా సూర్యుడి నుంచి కాక ఆకాశం నుంచి వస్తుంది. ఆకాశం నీలం కాబట్టి నీడకూ ఆ నీలం అంటుతుంది. పక్కన ఉన్న ఎండ పసుపుగా ఉండేసరికి ఈ నీలం ఇంకా ఎక్కువగా తోస్తుంది. వాన కురిసి దుమ్ము అణిగిన రోజున నీడలు మరీ నీలంగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం దుమ్ముతో తెల్లబోయినప్పుడు నీడలూ వెలిసిపోతాయి. మబ్బు పట్టిన రోజున నీడే ఉండదు.

ఇంకో తమాషా. నీడలోకి పక్కనున్న వస్తువుల రంగు కూడా వస్తుంది. మా గడపకు పూసిన ఎర్రటి జాజు మీద ఎండ పడితే, పక్క గోడ అడుగున నీడలో లేత ఎరుపు కనపడుతుంది. దండెం మీద పసుపు చీర ఆరేస్తే గోడ మీద నీడ పసుపు కలిసి పడుతుంది. ఇవన్నీ చూడడం మొదలుపెట్టాక నల్లరంగు బిళ్ళను డబ్బాలోంచి తీసి పారేశాను.

ఇంతకూ నీలిమందు సంగతి. మన అమ్మలు వాడిన పొడి నీలిమందులో ఉండే పదార్థమూ, నా రంగుల డబ్బాలో అల్ట్రామెరైన్ అని రాసి ఉన్న నీలమూ ఒకటేనట! పూర్వం ఈ రంగును ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో దొరికే నీలిరాతిని నూరి చేసేవారు. బంగారం ఖరీదు పలికేది. 1820లలో ఫ్రాన్సులో దాన్ని కొలిమిలో తయారుచేసే పద్ధతి కనిపెట్టాక చవకైపోయి, చివరకు మన చాకిరేవు బానలోకి వచ్చింది. ఇప్పుడు సీసాల్లో ద్రవంగా వచ్చే నీలం వేరే రకం. పచ్చబారిన తెల్లబట్టకు కాస్త నీలం తగిలితే ఆ పసుపు విరిగి బట్ట తెల్లగా కనపడుతుంది. నీలిమందు మురికిని వదిలించదు, మన కంటికి సర్దిచెబుతుంది, అంతే.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఇక తగువు దగ్గరికి వస్తున్నాను.

పంచెల తగువు

మా అత్తగారికి 78 ఏళ్ళు. మనిషి గట్టి. మొన్నమొన్నటి దాకా తన బట్టలు తనే ఉతుక్కునేవారు. ఆమెకు తెలుపంటే ప్రాణం. మా మామగారు ఉన్న రోజుల్లో ఆయన పంచెలు కొంగరెక్కల్లా ఉండాల్సిందే. ఆ పని నా చేతికి వచ్చాక చాలా ఏళ్ళు ఏమీ అనలేదు. ఉన్నట్టుండి రెండేళ్ళ నుంచి మొదలైంది.

"ఏందిమే ఈ ఉతుకు? బట్టలన్నీ మాసినట్టే ఉండాయి. బూడిద పూసినట్టు ఉండాయి."

మొదట్లో నవ్వి ఊరుకున్నాను. మళ్ళీ ఉతికాను. సబ్బు మార్చాను. నీలిమందు ఒక చెంచా వేసేదాన్ని రెండు వేశాను, మూడు వేశాను. ఎంత వేసినా అదే మాట. పైగా, "ఇంకా మాసినాయి" అనేవారు! చుట్టాల ముందు కూడా అనేసరికి నాకు తల తీసినట్టయ్యేది. మా ఆడపడుచు వచ్చినప్పుడు, "వదినకు బొమ్మల మీద ఉన్న ధ్యాస బట్టల మీద లేదు" అని తీర్పు చెప్పి వెళ్ళింది.

సున్నం కొట్టించిన సంక్రాంతికే అది ముదిరింది. కొత్త సున్నం గోడను చూసి, "డబ్బులు తీసుకొని సున్నం కొట్టినారా, ఉట్టి నీళ్ళు కొట్టినారా? గోడ మాసిపోయే ఉండాది" అన్నారు. పొద్దుట్నుంచీ ఇల్లు కడిగి కడిగి ఒళ్ళు హూనమై ఉన్నాను. నోరు జారాను.

"నీకు కళ్ళు కనపడక కాదత్తా. నన్ను ఏదో ఒకటి అనకపోతే నీకు పొద్దుపోదు" అనేశాను.

ఆమె ఏమీ అనలేదు. లేచి వెళ్ళి వీధి అరుగు మీద కూర్చున్నారు. పండగ మూడు రోజులూ నాతో మాటల్లేవు. నేనూ పలకరించలేదు. తప్పు నాదని ఒకసారి, ఆమెదని పదిసార్లు అనుకున్నాను.

రెండు గీతలు

ఫిబ్రవరిలో ఒకనాడు నీడల కోసం ఒక ప్రయోగం చేస్తున్నాను. ఒకే కాగితం మీద రెండు పట్టీలు వేశాను. ఒకటి అల్ట్రామెరైన్ నీలం. రెండోది నీలంలో ఇటుక రంగు కలిపితే వచ్చే బూడిద రంగు. రెండింటి చిక్కదనం ఒకేలా ఉండేట్టు చూసుకున్నాను. గోడ నీడకు ఏది నప్పుతుందో చూద్దామని కాగితాన్ని అరుగు మీద ఆరబెట్టాను. అత్తగారు అక్కడే కూర్చుని ఉన్నారు. కాగితం తీసి కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు.

"ఒకటే రంగు రెండుమార్లు పూసుకుంటా కూచ్చున్నావా?" అన్నారు.

నేను ఎగతాళి అనుకున్నాను. కానీ ఆమె మొహంలో ఎగతాళి లేదు. "ఇందులో నీలం ఏది అత్తా?" అని అడిగాను. ఆమె కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, ఎండకు పెట్టి చూశారు.

"నీలం యాడుండాది? రెండూ బూడిదే గదా."

అమ్మా! నా గుండె ఝల్లుమంది. రెండేళ్ళ నుంచి విన్న మాట అదే కదా... బూడిద పూసినట్టు ఉండాయి, మాసినట్టు ఉండాయి. ఆమె నన్ను సాధించడం లేదు. తన కంటికి కనపడుతున్నది చెబుతున్నారు! నేను నీలిమందు పెంచేకొద్దీ ఆ నీలం ఆమె కంటికి బూడిదగానే కనపడి, బట్ట ఇంకా మాసినట్టు తోచింది. "నీకు కళ్ళు కనపడక కాదు" అన్న నా మాటే నాకు వచ్చి తగిలింది.

అప్పుడు మిగతావీ గుర్తొచ్చాయి. దీపావళి ముందు వసారా మెట్టు దగ్గర తూలి పడ్డారు. "వయసు" అని సరిపెట్టుకున్నాం. ఆ మెట్టూ నాపరాయే, కింది నేలా నాపరాయే. మధ్యాహ్నం పూట మెట్టుకు నీడ ఉండదు. మసకకంటికి ఆ రెండూ ఒకే బండ! శిల్పి చెప్పిన మాటే కదా, నీడ లేకపోతే గుంట తెలియదు. ఆ సాయంత్రమే నేను చేసిన మొదటి పని, మెట్టు అంచున జాజుతో బెత్తెడు పట్టీ పూయడం. నేను వేసిన రంగుల్లో అన్నింటికంటే పనికొచ్చిన రంగు అదేనంటాను.

ఆసుపత్రికి రమ్మంటే ఒప్పుకోలేదు. "కాటికి కాళ్ళు చాపినాక కండ్లెందుకు మే?" అన్నారు. మావారు చెప్పారు, మా అమ్మాయి ఫోనులో చెప్పింది. వినలేదు. చివరికి నేను పక్కన కూర్చుని, "అత్తా, నేను ఉతికిన బట్టలు మాసినాయో లేదో నువ్వే సరిగ్గా చూసి చెప్పు. మాసింటే నీ ఇష్టం వచ్చినన్ని అను, పడతాను" అన్నాను. ఆమె చాలాసేపు ఊరుకుని, "సరే పా" అన్నారు.

నంద్యాలలో చూపించాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి అన్నారు డాక్టరుగారు. వయసు పైబడే కొద్దీ కంటిలోని కటకం పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారుతుందట. పసుపు అద్దంలోంచి చూస్తే నీలం ఎలా చచ్చిపోతుందో, అలాగే ఆ కంటికి నీలం, ఊదా మొదట పోతాయి. మార్పు మెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తన కన్ను మారిందని తెలియదు, లోకమే మాసిందనుకుంటారు. ఫ్రాన్సు దేశపు మహా చిత్రకారుడు క్లాడ్ మోనేకే ఇది తప్పలేదు. 1912లో ఆయనకు శుక్లాలని తేలింది. 1923లో ఆపరేషను చేయించుకునేదాకా కాలయాపన చేశారు. ఆ చివరి ఏళ్ళలో ఆయన తన తోటలోని వంతెనను వేసిన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లో మంటల్లా ఉంటాయి. అంతటి రంగుల మనిషికే అలా అయితే మా అత్తగారెంత!

గోడకు నీలం ఎప్పుడు కొట్టించినారు?

ముందు కుడి కంటికి ఆపరేషను అయింది. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. ఆటో దిగి, నా చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. నల్లద్దాలు కాస్త పైకెత్తి గోడను చూశారు.

"ఈ గోడకు నీలం ఎప్పుడు కొట్టించినారు?"

"అది నీలం కాదత్తా, నీడ."

ఆమె దగ్గరికి వెళ్ళి గోడను చేత్తో తడిమారు. ఎడమ కన్ను మూసి చూశారు, కుడి కన్ను మూసి చూశారు. "ఈ కంటికి నీలం, ఆ కంటికి బెల్లంపాకం" అన్నారు. చిన్నపిల్లలా ఆ ఆట ఎంతసేపు ఆడారో!

రెండు రోజుల తర్వాత దండెం మీది బట్టలు తీస్తూ ఒక్కసారి కేకపెట్టారు. "ఓమ్మే! ఈ పంచెలకు ఇంత నీలిమందు యాంటికి పోసినావు? చూడు, ఎట్ల ఉండాయో, కృష్ణుని మాదిరి!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. మావారు రెండేళ్ళుగా నీలి పంచెలు కట్టుకుని ఊరంతా తిరిగారన్నమాట! ఆయన్ను అడిగితే, "మీ ఇద్దరి మధ్యా నేనెందుకు మాట్లాడతాను?" అన్నారు. మగవాళ్ళు మరి!

మా అత్తగారు క్షమాపణలు చెప్పే మనిషి కాదు. నేనూ ఎదురుచూడలేదు. నా మాటకు నేను చెప్పుకోవలసినది మాత్రం చెప్పుకున్నాను. "ఆ పొద్దు నోరు జారినానత్తా" అన్నాను. ఆమె బట్టలు మడత పెడుతూ, "పెద్దదాన్ని, నాకైనా తెలియకపాయె గదా" అన్నారు. కొన్ని వారాల తర్వాత రెండో కన్ను కూడా బాగైంది. ఇప్పుడు సాయంత్రం నాలుగున్నరయితే చాలు, కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "పో, వేసుకోపో. ఆలిస్యం చేస్తే నీడ పోతాది" అని నన్ను మిద్దె ఎక్కిస్తున్నారు.

మీరూ వేయాలనుకుంటే

నీటిరంగులు ఖరీదైన సరదా కాదు. నా అనుభవంలో తేలిన నాలుగు సంగతులు చెబుతాను.

రంగులు: పన్నెండక్కరలేదు. అల్ట్రామెరైన్ నీలం, ఇటుక రంగులో ఉండే బర్న్ట్ సియెన్నా, గోధుమ పసుపులో ఉండే ఎల్లో ఆకర్, ఒక ఎరుపు, ఒక నిమ్మపసుపు చాలు. నలుపు కొనకండి. నీలం, బర్న్ట్ సియెన్నా కలిపితే అందమైన బూడిద రంగులన్నీ వస్తాయి. నీలం ఎక్కువైతే చల్లటి నీడ, ఇటుక ఎక్కువైతే వెచ్చటి నీడ.

కాగితం: చార్టు మీద వేస్తే ఉబ్బి మెలికలు తిరుగుతుంది. డబ్బులు పెట్టేదేదో కాగితం మీదే పెట్టండి. 300 జి.ఎస్.ఎం. మందం ఉన్నది తీసుకుని నాలుగు ముక్కలు చేసుకోండి.

తెలుపు: నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితమే. ఎండ పడ్డ గోడను వేయకూడదు, వదిలేయాలి. మొదట లేత రంగులు, తర్వాత ముదురు. కూరలో ఉప్పు లాంటిదే, తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం. నీడను ఒక్కసారే, ఒకే తడితో పూసి వదిలేయండి. మళ్ళీ మళ్ళీ రుద్దితే బురదవుతుంది.

నీడ అంచు: అరుగుకు ఆనుకుని ఉన్నచోట నీడ అంచు గీత గీసినట్టు ఉంటుంది. దూరం వెళ్ళేకొద్దీ మెత్తబడుతుంది. ఆరిన కాగితం మీద వేస్తే గట్టి అంచు, తడి కాగితం మీద వేస్తే మెత్తటి అంచు వస్తాయి. ముందుగా కళ్ళు సగం మూసి చూడండి. చిల్లరంతా పోయి వెలుగు, నీడ రెండే మిగులుతాయి. వాటినే వేయండి.

మా ఊరి వేసవిలో రంగు కుంచె మీదే ఆరిపోతుంది. అప్పుడు కాగితం కింద తడిపి పిండిన నూలుగుడ్డ పరచండి. రంగు కాసేపు ఆగుతుంది. ఇంకొక మాట, పసుపు నీళ్ళతో రంగు వేద్దామని నాకూ అనిపించింది. పిండివంటలకు సరే గానీ బొమ్మకు వద్దు. ఎండకు పసుపు వెలిసిపోతుంది. జాజు, ఎర్రమట్టి మాత్రం వెలవవు.

"ఈ వయసులో, ఇంట్లో ఆడవాళ్ళం, మనకెందుకు" అని అనుకోకండి. రాజమండ్రిలో దామెర్ల రామారావుగారు ముప్ఫై ఏళ్ళు నిండకుండానే 1925లో పోయారు. ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడా కుంచె పట్టినవాళ్ళేనని ఎంతమందికి తెలుసు? వందేళ్ళ కిందట వాళ్ళకు వీలైంది, మనకు కాదా?

చివరగా నా మనవి ఒక్కటే. మీరు బొమ్మలు వేసినా వేయకపోయినా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు బట్టలు మాసినాయనో, దీపం మసకగా ఉందనో, గోడ వెలిసిందనో పదేపదే అంటుంటే, ఎదురు మాట అనేముందు ఒక నీలిగుడ్డ, ఒక బూడిదరంగు గుడ్డ పక్కపక్కన పెట్టి ఏది ఏదో అడగండి. సరిగ్గా చెప్పినా సరే, ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించండి. నేను రెండేళ్ళు ఆలస్యం చేశాను. ఆ రెండేళ్ళూ ఆమెకు ఆకాశం నీలంగా కనపడలేదన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

సరే, నాలుగున్నర కావస్తోంది. మా అత్తగారు కాఫీ కలుపుతున్నారు. ఎదురింటి నీడ మా గోడ ఎక్కడం మొదలైంది. ఉంటాను మరి!